ముద్ద కట్టిన ప్రోటీన్లూ మా బామ్మర్ది నట్టల మందూ

మా ఇంటామె తన తమ్ముణ్ణి నలుగురిలో దొంగ అన్నది. అదీ సాతంరాయిలో అతని సొంత ఇంటి ముందర, అతని మనవరాలిని తొట్టెలో వేసిన రోజు. డేరా వేసి, యాట కోసి, ఊరందరినీ పిలిచాడు. మేము శంషాబాద్ నుంచి ఆటోలో దిగాం. అక్క చేతిలో బట్టల సంచి బరువుగా ఉందని అతను వంగి అందుకోబోయాడు. అంతే.

"దొంగ! దొంగ! నా సంచి గుంజుకపోతుండు, పట్టుకోండ్రి!"

అరవడమే కాదు, అతని ముంజేతిని గోళ్లతో రక్కింది. తింటున్నవాళ్ల చేతులు విస్తళ్ల మీద ఆగిపోయాయి.

నాకు ఇప్పటికీ మంట ఏమిటంటే, ఆ రోజు ఆ జనం చూసింది మా ఇంటామె వైపు కాదు, మా బామ్మర్ది వైపు. ఎందుకో చెబుతాను. మా అత్త పోయినప్పుడు ఆమె కాళ్ల వెండి కడియాలు కూతురికి రావాలి. మా వైపు పద్ధతి అది. అవి రాలేదు, కొడుకు ఇంట్లోనే ఉండిపోయాయి. మా ఇంటామె ఏనాడూ అడగలేదు, నా దగ్గర కూడా ఎత్తలేదు. కానీ ఊరికి జ్ఞాపకం ఉంటుంది కదా, తనకు సంబంధం లేని విషయాలన్నీ ఊరికి బాగా జ్ఞాపకం ఉంటాయి. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న మాట ఇవాళ బయటపడిందని డేరా కింద అందరూ అనుకున్నారు. పాపం, మా బామ్మర్ది కూడా అదే అనుకున్నాడు.

"అక్క ఒక్కమాట అడిగితే ఇయ్యకపోదునా బావా?" అన్నాడు నన్ను పక్కకు తీసుకుపోయి. కళ్లు ఎర్రబడ్డాయి. "నన్ను ఎత్తుకొని పెంచింది, నన్నే నలుగుర్ల దొంగను జేసింది. ఇగ మీ గడప నేను తొక్క. మీరు నా గడప తొక్కకుండ్రి."

"ఆమెకు తెల్వదురా. పానం బాగలేదు."

"అన్నీ యాదికున్నయి, కడియాలు యాదికున్నయి, తమ్ముడే యాదికి లేడా?"

జవాబు లేకపోతే నాకు కోపం వస్తుంది. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ ఆటో అతని మీద అరిచాను.

ఇక్కడ ఒడి బియ్యం సంగతి చెప్పాలి. ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొన్ని ఏళ్లకొకసారి పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపడం మా దగ్గర ఆనవాయితీ. కొత్త చీర కట్టుకొని పీట మీద కూర్చుంటే, ముత్తయిదువలు దోసిళ్లతో కొంగులో బియ్యం పోస్తారు. ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు పెడతారు. ఆ బియ్యం మూట నడుముకు కట్టుకొని అత్తగారింటికి వచ్చి, వండి నలుగురికీ పెట్టాలి. పుట్టింట్లో తనకింకా చోటుందని ఆడపిల్ల ఊరికి చూపించుకునేది ఆ మూటతోనే. మా ఇంటామెకు ఈ ఏడు ఒడి బియ్యం పోయాలి. తన పేరు మరిచిపోయిన రోజున కూడా ఆమె ఆ సంగతి మరవలేదు. పొద్దున లేస్తే గుమ్మంలో కూర్చొని, "మా తమ్ముడు రాలేదా? ఒడి బియ్యానికి పిల్వ రాలేదా?" అని అడిగేది. తను తరిమేసిన మనిషి కోసమే ఎదురుచూసేది. ఇంకేం చేయను నేను? ఆ ఒడి నింపించి తీరాలని పట్టుబట్టాను.

బామ్మర్దిని ఒప్పించే మాట కోసం మొదట డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన తల ఫొటోలు చూశాడు, అల్జీమర్స్ అన్నాడు. అదేమిటి, ఎట్లా వస్తుంది, మనిషిని ఎందుకు మారుస్తుంది అని అడిగితే, "వయసు మీద పడ్డది పెద్దాయనా. లోపల జరిగేది మీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు. నాకు అర్థం కాదట! నేను మైలార్‌దేవ్‌పల్లి దగ్గర చిత్తు కాగితాల గోదాములో వయసంతా పనిచేసినవాణ్ణి. ఊళ్లో మూడో తరగతిలో బడి వదిలేస్తే, గోదాములో చదువు మొదలైంది. లారీల కొద్దీ పాఠ్యపుస్తకాలు తూకానికి వచ్చేవి. ఏరిన కాగితాల కుప్ప మీద కూర్చొని పదో తరగతి సైన్సు చదివాను, ఇంటర్ది చదివాను. సగం పుస్తకాలకు అట్టలుండవు, కొన్నిటికి చివరి పాఠాలుండవు. నాకు తెలిసినదానికి చివర లేదంటే ఒప్పుకుంటాను. అర్థం కాదంటే మాత్రం ఒప్పుకోను.

అప్పుడు మా పై పోర్షన్‌లో కిరాయికి ఒక అమ్మాయి ఉండేది. గుంటూరు వైపు మనిషి. భర్త ఎయిర్‌పోర్టులో ఉద్యోగి. ఈమె మాత్రం ఇల్లు కదలదు, ఎప్పుడు చూసినా కంప్యూటర్ ముందరే. అసలు పనీ పాటా ఉందా అని నాకు అనుమానం. ఒకరోజు నీళ్ల ట్యాంకు చూడడానికి మేడ మీదికి పోతే, తలుపు తీసి ఉంది. తెర మీద నీలం రంగు నీళ్లలో రంగురంగుల రిబ్బన్లు కొట్టుకుంటున్నాయి.

"పొద్దంతా గీ బొమ్మలు సూసుడేనా బిడ్డా నీ కొలువు?" అన్నాను.

ఆమె నవ్వింది. "బొమ్మలు కాదండీ బాబాయిగారూ. అల్జీమర్స్ వచ్చినవాళ్ల మెదడులో ప్రోటీన్లు ముద్ద కడతాయి కదండీ. అవి ఎలా ముద్ద కడతాయో కంప్యూటర్‌లో లెక్కలు కట్టి చూస్తున్నాం. సిమ్యులేషన్ అంటారు."

నేను అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను. మా తల మీదనే, మా మేడ మీదనే, మా ఇంటామె జబ్బు మీద పని జరుగుతోంది! ఊళ్లోని డాక్టరు చెప్పనిది నా కిరాయిదారు చెబుతుందా? "చెప్పు" అన్నాను. "మొదటి నుంచి చెప్పు. నాకు అర్థం కాదని మాత్రం అనకు."

చాలా రోజులు పట్టింది. ఆమె ఓపిక ముందర నా కోపం ఎన్నోసార్లు తలవంచింది. మెదడులో సన్నని ప్రోటీన్ ముక్కలు రోజూ ఊరుతుంటాయట. మామూలుగా ఒళ్లే వాటిని ఊడ్చి పారేస్తుంది. కొన్ని ముక్కలు మాత్రం వంకరగా మడత పడి, ఒకదానికొకటి అతుక్కొని, ముద్దలై, పోగులై అక్కడే పేరుకుంటాయి. ఈ జబ్బులో జరిగేదంతా అదొక్కటే కాదుగానీ, మొదట జరిగేవాటిలో అదొకటని ఆమె నమ్మకం. అంత చిన్నదాన్ని జరుగుతుండగా చూడడం ఏ యంత్రానికీ సులువు కాదట. అందుకని కంప్యూటర్‌లో నీళ్లున్న డబ్బా ఒకటి కల్పించి, అందులో కొన్ని ముక్కలు వదులుతారు. ఒక్కొక్క అణువును చుట్టూ ఉన్న అణువులు ఎంత గుంజుతున్నాయో, ఎంత తోస్తున్నాయో లెక్కగట్టి, దాన్ని రవ్వంత జరుపుతారు. మళ్లీ లెక్క, మళ్లీ రవ్వంత జరపడం. కనురెప్ప వాల్చినంత సమయం కూడా కాదు, అందులో ఆవగింజంత సమయం చూడడానికి ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ వారాల తరబడి పనిచేస్తుంది.

"గింత కష్టపడితే మందు ఎక్కడ?" అని గద్దించాను ఒకసారి.

"ఇంకా లేదండి. అబద్ధం చెప్పను. ఎక్కడ అతుక్కుంటున్నాయో తెలిస్తే, అక్కడ అడ్డుపడే మందు వెతకొచ్చు."

కోపం రావలసిన మాటే. కానీ రాలేదు. లేనిదాన్ని లేదని నా ముఖం మీద చెప్పిన మొదటి మనిషి ఆమె. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి ఏమి చెప్పినా నమ్మాను. పోగులు కట్టే ఆ వీడియో నా ఫోన్‌లో వేయించుకొని, మరునాడు సాతంరాయి బయలుదేరాను. గడప తొక్కవద్దన్నాడు కదా, తొక్కలేదు. నేరుగా బర్రెల కొట్టానికి పోయాను. మా బామ్మర్దిది పాల వ్యాపారం, ఆరాంఘర్ దాకా హోటళ్లకు పాలు పోస్తాడు. పాలు పితుకుతూ నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"నాతోని మాట్లాడకు. గిది సూడు చాలు" అని ఫోన్ ముఖానికి అడ్డంగా పెట్టాను.

చూశాడు. దగ్గరికి తెచ్చుకొని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. నీళ్లలో రిబ్బన్లు మెలికలు తిరుగుతున్నాయి.

"ఏంది బావా గిది?"

"మీ అక్క తలకాయల ఉన్నది."

అతని ముఖంలో రంగు మారింది. బొక్కెన పక్కన పెట్టి ఇంట్లోకి కేక వేశాడు. "ఏయ్, జల్ది రా! అక్క తలకాయల నట్టలు వడ్డయి!"

అతని భార్య పరుగున వచ్చింది. ఆమె నాకు చెల్లెలి వరస. ఫోన్‌లోకి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నట్టలు గావురా!" అన్నాను.

"గివి నట్టలు గాక ఏంది? లేగదూడ పేగుల గిట్లనే ఉంటయి. ఎన్ని సూడలే నేను!" నా మీదికి తిరిగాడు. "గింత చదివిన చదివిన అంటవు, గింత దాక ముదరబెడ్తవా బావా? ఒక్కపారన్న నట్టల మందు తాపినవా?"

నేను నోరు తెరిచేలోపే కొట్టం గూట్లోంచి సీసా పట్టుకొచ్చాడు. కడుపులో పురుగులు పడితే బర్రెలకు తాపే మందు. "సగం మూత తాపు సాలు" అంటున్నాడు.

"ఆరేయ్, అది బర్రెల మందురా!"

"బర్రె కన్న నా అక్క తక్కువనా?"

సీసా కోసం మేమిద్దరం కొట్టంలో గుంజులాడుకున్నాం. ఇద్దరివీ నెరిసిన తలలే. బర్రెలు తాళ్లు తెంపుకునేంతగా బెదిరాయి. సీసా నా చేతికి వచ్చింది గానీ, నాకు దానికన్న పెద్దది దొరికింది. మా గడప తొక్కనన్నవాడు అక్కకు మందు తాపడానికి ఉరుకుతున్నాడు! కోపమంతా పైపైనే ఉంది, కింద తమ్ముడు తమ్ముడిగానే ఉన్నాడు. లోపల లోపల నాకు పండగే.

కానీ మా చెల్లె అంత తొందరగా కరిగే మనిషి కాదు. "నట్టలైతే ఏంది, ఏమన్నైతే ఏంది అన్నా" అన్నది నెమ్మదిగా. "దొంగ అన్న మాట నట్టలు అన్నయా? వదినె నోటికెల్లి వచ్చింది గదా."

బామ్మర్ది ముఖం మళ్లీ మూసుకుపోయింది. "గా పిల్లను తోల్కరా బావా. నువ్వు చెప్తే నమ్మ. నువ్వు నీ పెండ్లానికి వకీలువు."

తెచ్చాను. ఆదివారం ఆ అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకొని నాతో ఆటో ఎక్కింది. కొట్టం ముందర బోర్లించిన పాల క్యాను మీద లాప్‌టాప్ పెట్టాం. భార్యాభర్తలిద్దరూ ముందర కూర్చున్నారు, నేను వెనక నిలబడ్డాను.

"ఇవి పురుగులు కావండి" అని మొదలుపెట్టింది. "వీటికి ప్రాణం లేదు. మన ఒంట్లో పుట్టే ప్రోటీన్ ముక్కలు. చూడండి, మొదట్లో ఎవరి దారి వాళ్లది." తెర మీద రిబ్బన్లు చాలాసేపు ఊరికే తిరిగాయి. ఒకదాన్నొకటి తాకాయి, విడిపోయాయి. మా బామ్మర్దికి విసుగు పుట్టే సమయానికి రెండు అతుక్కున్నాయి. మళ్లీ విడిపోయాయి. మళ్లీ అతుక్కున్నాయి, ఈసారి మూడోది వచ్చి పక్కన చేరింది. ఇక అక్కడి నుంచి ఆగలేదు. దూరంగా తిరుగుతున్నవి కూడా వచ్చి వరసగా అంటుకున్నాయి.

"అరె!" మా బామ్మర్ది తొడ చరిచాడు. "తోడు వడ్డట్టే! గింత తోడు వడ్డదంటే కుండెడు పాలు పేరుకుంటయి సూడు, గట్ల!"

"దాదాపు అంతేనండి. తోడులో ప్రాణమున్న సూక్ష్మజీవులుంటాయి, ఇక్కడ అలాంటివి లేవు, అంతే తేడా. మొదటి చిన్న ముద్ద కట్టడమే కష్టం. కట్టాక మిగతావి దాని వంకరే నేర్చుకొని వచ్చి చేరతాయి."

"పేరుకున్న పెరుగును మల్ల పాలు జెయ్యొస్తదా బిడ్డా?"

"ఇప్పటికి రాదండి."

పైన విమానం ఒకటి చక్రాలు దించి పోయింది. తర్వాత మా బామ్మర్ది, ఇన్ని రోజులూ తనను తొలుస్తున్న మాట అడిగాడు.

"గట్లయితే నన్ను దొంగ అన్నదెవ్వరు?"

ఆ అమ్మాయి లాప్‌టాప్ వైపు చూడలేదు, అతని వైపే చూసింది.

"ఈ బొమ్మలో దానికి జవాబు లేదండి. ముద్దలు ఎలా కడతాయో చెప్పడం వరకే దీని పని. కానీ ఆ ముద్దలున్న మెదడు దగ్గరివాళ్ల ముఖాలు గుర్తుపట్టలేకపోతుంది. ఆ రోజు ఆవిడ ముందున్నది మీరని ఆవిడకి తెలియదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి సంచి లాక్కుంటుంటే మీరైనా అరుస్తారు కదండీ?"

"మరి కడియాల మాట?"

"ఆమె కడియాలన్న మాటే ఎత్తలేదురా" అన్నాను. ఇన్నాళ్లూ ఆ మాట నాకెందుకు తట్టలేదో! "సంచి అన్నది. కడియాలనుకున్నది ఊరు. నువ్వు."

బామ్మర్ది లేచి నిలబడ్డాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. "అంటే అక్కకు నేను అవుపడలే. అంతేనా?"

"అంతేనండి."

"గది సాలు నాకు" అన్నాడు. భార్య వైపు తిరిగి, "బియ్యం ఏరు" అన్నాడు.

"ఏరుత. మరి వదినె కొంగు ఇడిసిపెడితే? బియ్యం కిందవడితే పుట్టింటికి అరిష్టం గాదా?" చెల్లెకు ఆ భయం నిజంగానే ఉంది.

"చేతులకు అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయండి" అన్నది ఆ అమ్మాయి. "కచ్చితంగా చెప్పలేను. నిలుస్తాయనే అనుకుంటున్నాను."

మంచిరోజు చూసి పిలిచారు. పిలవడమంటే అట్లా ఇట్లా కాదు. మా బామ్మర్ది బొట్టుతో మా గడప తొక్కి వచ్చాడు, మా ఇంటామె అతన్ని పాలబ్బాయి అనుకొని గిన్నె తెచ్చి పెట్టింది. అతను బండి మీద ఉన్న పాలు తెచ్చి ఆ గిన్నె నిండా పోసి వెళ్లాడు. అంతేకాదు, తొట్టెల రోజు డేరా కింద ఎవరెవరు తిన్నారో వాళ్లందరినీ ఇంటింటికీ తిరిగి పిలిచాడు. "గా నాడు ఉన్నోళ్లందరు రావాలె. ఒక్కలు తక్కువైనా ఊరుకోను" అన్నాడట.

ఒడి బియ్యం రోజున మా చెల్లె వాకిట్లో పళ్లెం పెట్టుకొని బియ్యానికి పసుపూ నూనే పట్టిస్తోంది. భయపడుతూ చేసే పని కదా, నూనె ఎక్కువైంది, పసుపు ఉండలు కట్టింది. మా ఇంటామె పీట మీద కూర్చొని అదే పనిగా చూస్తోంది. ఉన్నట్టుండి లేచింది. పోయి పళ్లెం ముందు కూర్చున్నది.

"గట్ల గాదు పిల్లా. ముద్ద గట్టినంక పొయ్యొద్దు" అని, ఒక్కొక్క ఉండనూ రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపి విడదీసింది. పొడి బియ్యం మరికొంత కలిపింది. గింజ గింజకూ పసుపు పట్టేదాకా వదలలేదు. నేను మా వెంట వచ్చిన పై పోర్షన్ అమ్మాయి వైపు చూశాను. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. నేనైతే కళ్లు తుడుచుకోలేదు. ఛాతీ విరుచుకొని నిలబడ్డాను, ఎవరు ఏమనుకుంటే నాకేం?

తర్వాత ఒడి నింపారు. కొంగు పట్టిన తీరు చూడాలి! రెండు చేతులతో చీర చెరగును దొన్నెలా మడిచి, మోకాళ్లకు ఆనించి, ఎంత పోస్తే అంత లోపలికి సర్దుకుంది. ఆ సమయంలోనే విమానం తల మీదుగా పోయింది. మేమందరం ఉలిక్కిపడ్డాం, ఆమె చెయ్యి కదలలేదు. ఒక్క గింజ కింద పడలేదు. మూట బిగించి తనే నడుముకు చుట్టుకుంది.

అప్పుడు మా బామ్మర్ది ఇంట్లోకి పోయి గుడ్డ మూట ఒకటి తెచ్చి, అక్క కాళ్ల దగ్గర కూర్చొని విప్పాడు. కడియాలు. చింతపండు పెట్టి తోమినట్టున్నాడు, మెరుస్తున్నాయి. ఒక్కొక్కటే ఆమె కాళ్లకు తొడిగాడు. ఆమె వంగి తడిమి చూసుకుంది.

"గివి మా అవ్వయి."

"అవును అక్కా. మన అవ్వయే."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. గుర్తుపడుతుందేమో అనుకున్నాను. గుర్తుపట్టలేదు. అబద్ధం రాయను. కానీ లేచేముందు పుట్టింటి ఆడపిల్ల చేయవలసిన పని ఒకటుంది, దాన్ని మేమే మరిచిపోయాం. ఒడిలోంచి పిడికెడు బియ్యం పుట్టింటికి తిరిగి ఇచ్చి పోవాలి, ఆ ఇల్లు కూడా నిండుగా ఉండాలని. ఆమె నడుముకున్న మూట వదులు చేసి పిడికెడు తీసింది.

"దోసిలి పట్టు" అన్నది. అతను పట్టాడు. బియ్యం పోసి, అతని వేళ్లను తన చేతులతో మూసింది. "నీ ఇల్లు సల్లగుండ. నువ్వెవ్వరో గని, మంచోనివి."

మా బామ్మర్ది దోసిలి పట్టుకునే లేచాడు. గింజ జారకుండా, వాకిట్లో ఉన్న జనం ముందర ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాడు. ఆ నాడు డేరా కింద విస్తళ్ల మీద చేతులు ఆపినవాళ్లే అందరూ.

"ఇన్నరా? అందరిన్నరా?" అతని గొంతు బర్రెల కొట్టం దాకా వినబడింది. "మా అక్క నన్ను మంచోడన్నది!"